వందేళ్లు దాటినా ఫ్లాండర్స్, వెర్దున్ పొలాల్లో షెల్స్ ఎందుకు బయటపడుతున్నాయి?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 1918లో ఆగిపోయిన మొదటి ప్రపంచ యుద్ధం తాలూకు షెల్స్ (ఫిరంగులు కాల్చిన పేలుడు గుండ్లు) బెల్జియం, ఫ్రాన్స్ పొలాల్లో ఇప్పటికీ ఎందుకు దొరుకుతున్నాయి? అంత తుప్పు పట్టాక కూడా అవి ప్రమాదమేనా? పూర్తిగా ఏరేయడానికి 700 ఏళ్లు పడుతుందన్న మాట నిజమేనా? కుటుంబంతో బెల్జియంలోని ఈప్ర్, ఫ్రాన్స్‌లోని వెర్దున్ చూడబోతున్నామని కూడా రాశారు కాబట్టి ఆ జాగ్రత్తలు చివర్లో చెబుతాను.

ముందుగా ఒక మాట. ఈ విషయం మీద వచ్చే రాతలు చాలావరకు పేలకుండా మిగిలిన షెల్స్ లెక్క దగ్గరే ఆగిపోతాయి. అంతకన్నా మొండి నష్టం ఇంకొకటి ఉంది. యుద్ధం ముగిశాక మిగిలిన మందుగుండును వదిలించుకునే తొందరలో కాల్చేసినవి, పాతిపెట్టినవి, సముద్రంలో పారబోసినవి. పొలంలో పడిన షెల్‌ను ఎప్పటికైనా తీయొచ్చు. వీటిలో కొన్నింటిని ఇక తీయలేరు.

మొదటి ప్రశ్నకు వస్తాను. జర్మన్లకూ మిత్రపక్షాలకూ మధ్య యుద్ధరేఖ అయిన పశ్చిమ రంగం ఉత్తర సముద్రం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా సుమారు 700 కిలోమీటర్లు. 1914 చివరి నుంచి 1918 వసంతం దాకా ఆ గీత పెద్దగా కదల్లేదు. అంటే ఎన్నో కోట్ల షెల్స్ మూడున్నరేళ్లపాటు కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న ఒకే పట్టీ మీద పడ్డాయి. ఉత్తర ఫ్రాన్స్‌లోని సొమ్ దగ్గర 1916 జూన్ 24న మొదలుపెట్టి పదాతిదళం కదిలే ముందు ఏడు రోజుల్లో బ్రిటిష్ ఫిరంగులు దాదాపు 15 లక్షల షెల్స్ కాల్చాయి. మరుసటి ఏడాది మూడో ఈప్ర్ యుద్ధానికి ముందు కాల్చినవి 40 లక్షలు దాటాయి. వీటిలో ఎన్ని పేలలేదో ఎవరూ కచ్చితంగా కొలవలేదు. పావు వంతు నుంచి మూడో వంతు దాకా అంచనాలున్నాయి, అదీ చోటును బట్టి, నెలను బట్టి బాగా మారుతుంది.

ఎందుకు పేలలేదో తెలియాలంటే షెల్‌ను పేల్చే భాగమైన ఫ్యూజు పనితీరు కొంచెం తెలియాలి. ఫిరంగి పేలిన క్షణంలో షెల్‌కు తగిలే విపరీతమైన కుదుపు, గొట్టం లోపల మెలితిరిగిన గాడుల వల్ల వచ్చే గిరగిర తిరుగుడు, ఈ రెండూ కలిసి ఫ్యూజులోని అడ్డులను తప్పిస్తాయి. ఇక అది సిద్ధమైనట్టే. నేలకు గుద్దుకున్నప్పుడు లోపలి సూది డిటొనేటర్‌ను, అంటే మొదట పేలే చిన్న గుళికను, పొడవాలి. ఈప్ర్ ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతపు నేల బంకమట్టి. నీటిమట్టం పైనే ఉంటుంది, ఫిరంగి దెబ్బలకు పాత మురుగు కాలువలన్నీ తెగిపోయి ఊబిలా తయారైంది. అలాంటి బురదలో షెల్ గట్టిగా గుద్దుకోదు, మెల్లగా దిగబడుతుంది. సూదికి కావలసిన వేగం రాదు. వాలుగా వచ్చి జారిపడినా అంతే.

రెండో కారణం ఫ్యాక్టరీలది. 1915లో బ్రిటన్‌లో షెల్స్ కొరత రాజకీయ సంక్షోభం అయింది, ఆ ఏడాదే ఆయుధ సామగ్రికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టారు. ఉత్పత్తి ఒక్కసారిగా పెరిగింది. ఫ్యూజు అనేది గడియారంలాంటి సున్నితమైన వస్తువు. అప్పటిదాకా ఆ పని తెలియని వర్క్‌షాపులు దాన్ని లక్షల్లో చేశాయి, తనిఖీ పలచబడింది. 1916 నాటి షెల్స్ అంత ఎక్కువగా విఫలం కావడానికి బురద ఎంత కారణమో ఇదీ అంతే. కొంచెం తగిలితేనే పేలే నంబర్ 106 ఫ్యూజు బ్రిటిష్ వారికి 1917లో విరివిగా అందాకే పరిస్థితి మెరుగుపడింది.

దిగబడినవి పైకి ఎలా వస్తాయి? చలికాలంలో షెల్ కింది తేమ గడ్డకట్టి ఉబ్బి దాన్ని కొంచెం లేపుతుంది. మంచు కరిగాక కిందికి చేరిన మట్టి దాన్ని మళ్లీ దిగనివ్వదు. ఏటా కొంత, అలా దశాబ్దాలు. తర్వాత పని నాగలిది. దుక్కి దున్నినప్పుడు, బంగాళాదుంపలు తవ్వే యంత్రం తిరిగినప్పుడు, పొలంలో మురుగు గొట్టాలు వేసినప్పుడు అవి బయటపడతాయి. మట్టి పట్టిన గ్రెనేడ్‌కూ బంగాళాదుంపకూ యంత్రం తేడా చూడలేదు. 2019 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లోని ఒక చిప్స్ ఫ్యాక్టరీకి ఫ్రాన్స్ నుంచి వచ్చిన దుంపల్లో జర్మన్ గ్రెనేడ్ దొరికింది. సుమారు కిలో బరువు, వందేళ్ల పాతది.

ఇక రెండో ప్రశ్న. తుప్పు పడితే నిర్వీర్యం అవుతుందనుకోవడం ప్రాణాంతకమైన అపోహ. తుప్పు పట్టేది ఉక్కు, లోపలి పేలుడు పదార్థం కాదు. చాలా షెల్స్‌లో నింపిన టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం మట్టిలో వందేళ్లున్నా దాదాపు అలాగే ఉంటుంది. పిక్రిక్ ఆమ్లం అనే మరో పేలుడు పదార్థం నింపిన షెల్స్ సంగతి ఇంకా దారుణం. బ్రిటిష్ వారి లిడ్డైట్, ఫ్రెంచ్ వారి మెలినైట్ రెండూ అదే. ఆ ఆమ్లం లోహానికి తగలకుండా షెల్ లోపలి గోడకు వార్నిష్ పూసేవారు. వార్నిష్ పగిలి, తేమ చేరితే సీసం, ఇనుము, రాగితో కలిసి పిక్రేట్ లవణాలు ఏర్పడతాయి. వీటిలో కొన్ని, ముఖ్యంగా సీసపు పిక్రేట్, చిన్న రాపిడికే పేలతాయి. అమ్మోనియం నైట్రేట్, టీఎన్‌టీ కలిపిన అమటాల్ తేమను పీల్చుకుని కొంత బలహీనపడుతుంది, కానీ ఇత్తడి ఫ్యూజు పక్కన అదీ సున్నితమైన సమ్మేళనాలను తయారుచేయగలదు. పైగా ఫ్యూజులోని స్ప్రింగు, పిన్ను తుప్పుతో సన్నబడి దారం మందాన మిగిలుంటాయి. వందేళ్ల క్రితం పనిచేయని సూది ఇప్పుడు పార దెబ్బకు కదలొచ్చు.

నిపుణులు మొదట చూసేది షెల్ కింది భాగంలో ఉండే రాగి పట్టీని. దాని మీద ఏటవాలు గాట్లు ఉంటే అది ఫిరంగి నుంచి వెలువడినది, అంటే ఫ్యూజు సిద్ధమై ఉన్నది. గాట్లు లేకుంటే కాల్చకుండా వదిలేసినది. అది కొంత నయం, కానీ నయం అన్నంత మాత్రాన సురక్షితం కాదు. సొమ్ ప్రాంతంలో మామూలుగా దొరికే 18 పౌండర్ ష్రాప్నెల్ షెల్ గురించి కూడా చెప్పాలి. అది గాల్లో 370కి పైగా సీసపు గోళీలను ముందుకు విరజిమ్మి, ఖాళీ ఉక్కు గుల్లగా కింద పడేలా చేసినది. అలాంటి ఖాళీ గుల్లలు ఎక్కువగా కనబడటం వల్లే నిండు షెల్‌ను కూడా ఖాళీది అనుకుని చేతిలోకి తీసుకుంటారు.

ఈప్ర్ దగ్గరి మెస్సీన్ గుట్ట కింద బ్రిటిష్ వారు సొరంగాలు తవ్వి పెట్టిన మందుపాతర్లలో 19 పేల్చింది 1917 జూన్ 7న. మిగిలిన కొన్నింటిలో ఒకటి 1955 జూన్ 17న ఉరుములు మెరుపుల వానలో తనంతట తానే పేలింది. ఒక ఆవు చనిపోయింది, మనుషులకు ఏమీ కాలేదు. ఈప్ర్‌లో 2014 మార్చిలో ఒక నిర్మాణ స్థలంలో పాత షెల్ పేలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. యుద్ధం ముగిసినప్పటి నుంచి ఒక్క ఈప్ర్ ప్రాంతంలోనే ఇలా చనిపోయినవారు 260 మందికి పైనే.

విషవాయువు షెల్స్‌ది వేరే కథ. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ దగ్గర జర్మన్లు వదిలిన క్లోరిన్ సిలిండర్ల నుంచి వచ్చింది, కాబట్టి అది నేలలో మిగల్లేదు. తర్వాత వాడినవన్నీ ఎక్కువగా షెల్స్‌లోనే. జర్మన్లు వాటికి రంగు శిలువ గుర్తులు వేసేవారు. ఆకుపచ్చ శిలువ అంటే ఫాస్జీన్ రకం, ఊపిరితిత్తులకు. నీలి శిలువ అంటే ఆర్సెనిక్ సమ్మేళనం, తుమ్ములు, వాంతులు తెప్పించి మాస్కు తీసేలా చేయడానికి. పసుపు శిలువ అంటే మస్టర్డ్ గ్యాస్, 1917 జూలైలో ఈప్ర్ దగ్గరే మొదటిసారి వాడారు. ఇప్పుడు ఆ రంగులేవీ మిగల్లేదు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలాంటి తుప్పు ముద్దలు.

మస్టర్డ్‌ను గ్యాస్ అంటున్నాం గానీ అది నూనెలాంటి ద్రవం. చల్లటి మట్టిలో గడ్డకట్టి, పైన జిగురు పొరలాంటిది కట్టుకుని, లోపల చెడిపోకుండా ఉండిపోతుంది. తగిలిన వెంటనే నొప్పి ఉండదు. కొన్ని గంటల తర్వాత ఎరుపు, ఆ తర్వాత బొబ్బలు. అందుకే పట్టుకున్నవాళ్లకు పట్టుకున్నామన్న సంగతే తెలియదు. ఫాస్జీన్ 8 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కాబట్టి షెల్ గోడకు చిల్లు పడితే వెంటనే ఆవిరై వస్తుంది. పీల్చినవాళ్లు కొన్ని గంటలు బాగానే ఉండి ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడిపోతారు.

బెల్జియంలో ఇలా దొరికిన మందుగుండును తీసుకెళ్లి నిర్వీర్యం చేసే పని సైన్యంలోని డోవో దళానిది. వాళ్ల కేంద్రం ఈప్ర్‌కు ఉత్తరాన పోల్‌కపెల్లె దగ్గర, హౌట్‌హుల్స్ట్ అడవి అంచున ఉంది. ఏడాదికి 150 నుంచి 200 టన్నుల మందుగుండు సేకరిస్తారు. దశాబ్దాలుగా రైతులు దొరికిన షెల్‌ను పొలం గట్టున కరెంటు స్తంభం మొదట్లో పెట్టి పోలీసులకు ఫోన్ చేస్తుంటారు. నిబంధన ప్రకారం కదపకూడదు, ఆ అలవాటు మాత్రం పోలేదు. కేంద్రానికి చేరాక మట్టి తీసి, ఏ దేశానిదో, ఏ కాలిబరో (ఎంత వ్యాసం ఉన్నదో) చూస్తారు. అనుమానం ఉన్నదాన్ని ఎక్స్‌రే తీస్తారు. షెల్‌ను వాల్చి తీసినప్పుడు లోపలి మట్టం గీత షెల్‌తో పోలిస్తే వంగి కనిపిస్తే ద్రవం ఉన్నట్టు. నీలి శిలువ షెల్‌లోనైతే పేలుడు పదార్థం మధ్య గాజు సీసా కనిపిస్తుంది. అప్పటికీ తేలకపోతే న్యూట్రాన్లు పంపి, తిరిగొచ్చే గామా కిరణాలను బట్టి లోపల క్లోరిన్ ఉందా, ఆర్సెనిక్ ఉందా అని గుర్తిస్తారు. షెల్ తెరవనక్కర్లేదు. మామూలు షెల్స్‌ను లోతైన గుంటలో పెట్టి మట్టి కప్పి పేల్చేస్తారు. రసాయన షెల్స్‌ను అలా పేల్చకూడదు, వాటికి మూసిన గదుల్లో, దూరం నుంచి యంత్రాలతో చేసే వ్యవస్థ కావాలి.

ఈ వ్యవస్థ రావడానికి చాలా కాలం పట్టింది, అక్కడే అసలు సమస్య. బెల్జియం 1980 దాకా విష షెల్స్‌ను సముద్రంలో పడేసింది. అది ఆగాక, వాటిని నిర్వీర్యం చేసే ప్లాంటు 1990ల చివర్లో సిద్ధమయ్యేదాకా హౌట్‌హుల్స్ట్‌లో వేల షెల్స్ ఆరుబయట పేరుకుపోయాయి. ఫ్రాన్స్‌లో విమీ దగ్గరి నిల్వలో షెల్స్ కారుతున్నాయని 2001 ఏప్రిల్‌లో 12 వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయించి, వాటిని శీతలీకరించిన లారీల్లో సుయిప్ సైనిక శిబిరానికి తరలించారు. వాటి కోసం మాయి-ల్-కాన్‌లో కట్టిన ప్లాంటు పని మొదలుపెట్టడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మొదట్లో అన్న మొండి నష్టం. 1919లో తిరిగొచ్చిన రైతులకు పొలాలు కావాలి, ప్రభుత్వాలకు రాగి, ఉక్కు కావాలి. చైనా కూలీలు, జర్మన్ యుద్ధఖైదీలు చేతులతో షెల్స్ ఏరారు. పోగైన కుప్పలను ఏం చేయాలన్నది ఎవరూ సరిగ్గా ఆలోచించలేదు. వెర్దున్ దగ్గర స్పాంకూర్ అడవిలో 1920ల్లో సుమారు 2 లక్షల రసాయన షెల్స్‌ను కాల్చేశారు. కాలింది విషంలోని సేంద్రియ భాగమే. ఆర్సెనిక్ ఒక మూలకం, దాన్ని కాల్చి నాశనం చేయలేం. ఆ చోట నేలను పరీక్షిస్తే ఒక నమూనా బరువులో ఆరో వంతు ఆర్సెనిక్కే తేలింది. సీసం, జింక్, రాగి సరేసరి. చుట్టూ దట్టమైన అడవి ఉన్నా అక్కడ చెట్టు మొలవదు, నాచు, ఒకటి రెండు గడ్డి జాతులు తప్ప. 2012 నుంచి అక్కడికి ఎవరినీ వెళ్లనివ్వడం లేదు. అదే ప్రాంతంలో షెల్స్ విప్పి లోహం తీసిన పాత ప్రైవేటు స్థలం ఒకటి మీద ఎప్పటి నుంచో పంటలు పండిస్తున్నారని తేలి, 2015లో ఆ పంటను, పాలను వాడకుండా ఆపాల్సి వచ్చింది.

బెల్జియం తీరంలో క్నొక్-హెయిస్ట్ ఎదురుగా పార్డెన్‌మార్క్ట్ అనే ఇసుక దిబ్బ ఉంది. 1919 చివర్లో మొదలుపెట్టి ఆరు నెలలపాటు అక్కడ సుమారు 35 వేల టన్నుల షెల్స్ పారబోశారు. ఎక్కువ జర్మన్‌వే, వాటిలో మూడో వంతు దాకా విషవాయువువి. తర్వాత అందరూ మరిచిపోయారు. 1971లో పూడికతీతలో అడ్డు తగిలితే గాని గుర్తురాలేదు. ఇప్పుడవి కొన్ని మీటర్ల బురద కింద ఉన్నాయి. ఆ బురద వల్లే తుప్పు నెమ్మదిగా పడుతోంది, తవ్వితే ఆ రక్షణ పోతుంది. అందుకే కదపకుండా నీళ్లను, మట్టిని క్రమం తప్పకుండా పరీక్షిస్తున్నారు. ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది, అయితే షెల్ గోడలు ఎంతకాలం నిలుస్తాయన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

తాగునీటి సంగతీ ఉంది. పేలుడు పదార్థాల్లో వాడిన పెర్‌క్లోరేట్ నీటిలో సులువుగా కరుగుతుంది, నేల పట్టి ఉంచలేదు. 2012లో ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్, పా-ద్-కలే జిల్లాల్లో 544 ఊళ్లలో గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరు నెలల్లోపు పసిపిల్లలకు కుళాయి నీళ్లు వాడొద్దని ఆంక్షలు పెట్టారు. పసిపిల్లలకు లీటరుకు 4 మైక్రోగ్రాములు, గర్భిణులకు 15 మించకూడదన్నది అప్పటి హద్దు. చిలీ నుంచి వచ్చిన పాత నైట్రేట్ ఎరువులోనూ ఇదే పదార్థం ఉంటుంది కాబట్టి మొత్తం నింద యుద్ధానిదే అనలేం. కానీ కలుషితమైన బావుల వరుస, పాత యుద్ధరేఖ చాలాచోట్ల ఒకదానిపై ఒకటి పడతాయి.

700 ఏళ్ల మాట గురించి. అది కొలత కాదు, ఉజ్జాయింపు భాగహారం: నేలలో ఇన్ని టన్నులు మిగిలాయనుకుని, ఏడాదికి తీస్తున్న టన్నులతో భాగిస్తే వచ్చింది. పైనున్న అంకె ఊహ. కిందున్నది కూడా వెతికితే దొరికినది కాదు, దున్నినప్పుడో కట్టినప్పుడో బయటపడినది. ఎవరూ మొత్తం నేలను జల్లెడ పట్టడం లేదు, కాబట్టి పూర్తయ్యే తేదీ అంటూ లేదు. ఫ్రాన్స్ యుద్ధం అయ్యాక నేలను నష్టం స్థాయిని బట్టి రంగులుగా విభజించింది. సేద్యానికి పనికిరాదన్న ఎర్ర మండలం, జోన్ రూజ్, మొదట లక్ష హెక్టార్లకు పైగా ఉండేది. రైతుల ఒత్తిడితో 1920ల చివరికి సగానికి పైగా తగ్గించారు. తగ్గించారంటే శుభ్రం చేశారని కాదు, చాలాచోట్ల పైపైన ఏరి దున్నుకోమన్నారు. మిగిలినచోట చెట్లు నాటారు. వెర్దున్ చుట్టూ నాశనమైన తొమ్మిది ఊళ్లలో ఆరు మళ్లీ కట్టనేలేదు. ఫ్లరీ-దెవాఁ-దువోమోన్ వాటిలో ఒకటి. మనుషులు లేని ఆ ఊళ్లకు ఇప్పటికీ ప్రభుత్వం నియమించిన మేయర్లున్నారు.

రెండో ప్రపంచ యుద్ధపు బాంబులు కూడా ఇంతేనా అని అనిపించొచ్చు. వాటిలో ఒక రకం ఇంకా కష్టం. బెర్లిన్‌కు ఉత్తరాన ఒరానియన్‌బుర్గ్ మీద మిత్రపక్షాలు వేసిన బాంబుల్లో చాలావాటికి ఆలస్యంగా పేలే రసాయన ఫ్యూజులున్నాయి. గాజు గుళిక పగిలి అసిటోన్ కారి, సూదిని పట్టి ఉంచిన సెల్యులాయిడ్ బిళ్లను కరిగించాలి. అక్కడి మెత్తటి నేల కింద గులకరాళ్ల పొర ఉంది. దానికి తగిలి బాంబు ముక్కు పైకి తిరిగింది, అసిటోన్ బిళ్లకు అందకుండా పోయింది. ఆ సెల్యులాయిడ్ ఇప్పుడు తనంతట తానే పెళుసెక్కుతోంది. ఎంత కాలం గడిస్తే అంత ప్రమాదం. 2010 జూన్ 1న జర్మనీలోని గట్టింగెన్‌లో ఇలాంటి ఫ్యూజున్న బాంబే నిర్వీర్యం చేసేలోపు పేలి ముగ్గురు నిపుణులు చనిపోయారు.

మీ ప్రయాణానికి. ఈప్ర్‌లోని మెనిన్ గేట్ స్మారకం మీద, ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ స్మారకం మీద భారత సైనికుల పేర్లున్నాయి. 1915 ఏప్రిల్ 26న లాహోర్ డివిజన్ పోరాడింది ఈప్ర్ పక్కనే, మొదటి గ్యాస్ దాడి జరిగిన నాలుగో రోజున. ఈ రెండు స్మారకాలనూ భయం లేకుండా చూడొచ్చు. విమీలో మాత్రం కంచె దాటొద్దు, అక్కడ గడ్డి కోయడానికి యంత్రాలు కాకుండా గొర్రెలను వాడేది నేలలో ఇంకా షెల్స్ ఉన్నందుకే. వెర్దున్ అడవిలో గుర్తులు పెట్టిన బాటలు వదలొద్దు. పిల్లలకు ముందే చెప్పండి: నేల మీద ఇనుప వస్తువు ఏది కనిపించినా కాలితో తన్నకూడదు, గడ్డి తొలగించి చూడకూడదు. దున్నిన పొలం గట్టున, స్తంభం మొదట్లో వరుసగా పెట్టిన షెల్స్ కనిపిస్తే అవి డోవో బండి కోసం పెట్టినవి. మెటల్ డిటెక్టర్‌తో వెతకడానికి రెండు దేశాల్లోనూ అనుమతి కావాలి. గుర్తుగా ముక్కైనా తెచ్చుకుంటామనుకోకండి. రైలైనా విమానమైనా తనిఖీలో ఆపుతారు, స్టేషనే ఖాళీ చేయించే పరిస్థితి రావొచ్చు.

ఏదైనా కనబడితే ఉన్నచోటే వదిలేసి, వచ్చిన దారినే వెనక్కి నడవండి. దూరం వచ్చాకే ఫోన్ తీసి 112కు చేయండి. బెల్జియంలో పోలీసులకు నేరుగా 101, ఫ్రాన్స్‌లో 17. ఫోన్‌లోని మ్యాప్‌లో ఆ చోటు గుర్తు, సుమారు పొడవు, మందం చెబితే చాలు. కొలవడానికి దగ్గరికి వెళ్లొద్దు. ఎవరైనా అప్పటికే ముట్టుకుని ఉంటే, చేతులు కళ్లకు తగలనివ్వకుండా బట్టలు తీసేసి, సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగాలి. ఆ బట్టలను బ్యాగులో కట్టి పక్కన పెట్టాలి. వెల్లుల్లి, ఆవాల వాసనో, కుళ్లిన గడ్డి వాసనో వచ్చిందనిపిస్తే గాలి మీ వైపు నుంచి షెల్ మీదికి వీచే పక్కకు రండి, పీల్చినవాళ్లను నడిపించకుండా కూర్చోబెట్టండి. ఏ ఇబ్బందీ లేకపోయినా ఆసుపత్రికి వెళ్లి, పాత యుద్ధపు షెల్ తగిలిందని, ఏ సమయానికి తగిలిందో సహా డాక్టర్‌కు చెప్పి, కనీసం ఒక రోజు పరిశీలనలో ఉంచమని అడగండి.